సోలార్ సెల్‌లో ఆ సన్న పొర సంగతి: మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ చెన్నై నుంచే, అందులోనూ పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికాల పొరతో ఎండని కరెంటుగా మార్చే సోలార్ సెల్స్ గురించే, కాబట్టి మిగతావి వచ్చే నెలకి జరిపి ఈ నాలుగే తీసుకున్నాను. మొదటి రెండిటి జవాబులు బాగా పెద్దవయ్యాయి. ఏ ముక్క తీసేసినా ప్రాజెక్ట్ చేసే పిల్లలకే నష్టం అనిపించి అలాగే ఉంచేశాను.

ప్రశ్న: సార్, మాది నెల్లూరు, తాంబరం దగ్గర ఒక కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ప్రాజెక్ట్ కింద పెరోవ్‌స్కైట్ సెల్స్ ఇచ్చారు. మా గైడ్ మేడమ్ "ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ లేయర్ మార్చి చూడమ్మా, ఎఫిషియెన్సీ పెరుగుతుంది" అంటున్నారు. ఎండని పీల్చేది పెరోవ్‌స్కైట్ కదా, ఎండనే పట్టించుకోని పొరని మారిస్తే ఎఫిషియెన్సీ ఎలా పెరుగుతుంది?
ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: అమ్మా, ఎండ పట్టేది పెరోవ్‌స్కైటే, కానీ పట్టడం వేరు, పట్టినదాన్ని కరెంటుగా బయటికి తేవడం వేరు. వెలుతురు పడగానే లోపల ఒక ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, అది ఖాళీ చేసిన చోటుని హోల్ అంటాం, ఈ రెండూ చెరో వైపు నుంచి బయటపడితేనే వైర్లో కరెంటు, దారిలో మళ్ళీ కలిసిపోయాయా, ఆ శక్తి వేడిగానో వెలుతురుగానో పోయినట్టే. ఎలక్ట్రాన్లు వెళ్ళే వైపు పెట్టే పొర నీ ఈటీఎల్, అంటే ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ లేయర్, హోల్స్ వెళ్ళే వైపు ఇంకోటి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. పెరోవ్‌స్కైట్ పొర మందం అర మైక్రాన్‌కి కాస్త అటూ ఇటూ, మంచి ఫిల్మ్‌లో ఎలక్ట్రాన్ మైక్రాన్ పైనే ప్రయాణం చేయగలదు, అంటే దారి మధ్యలో పోయేవి తక్కువ. 2012లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ స్నైత్ గ్రూప్ టైటానియం డయాక్సైడ్ ముద్ద బదులు అల్యూమినా ముద్ద వాడి చూశారు, అల్యూమినాకి ఎలక్ట్రాన్లని తీసుకునే గుణమే లేదు, అయినా 10.9% వచ్చింది. దాంతో ఎలక్ట్రాన్లని మోసుకుపోయే పని పెరోవ్‌స్కైట్ తనే చేసుకోగలదని తేలిపోయింది. మరి నష్టం ఎక్కడ జరుగుతోంది అంటే హద్దు దగ్గర, పెరోవ్‌స్కైట్ అయిపోయి ఇంకో పదార్థం మొదలయ్యే ఆ గీత మీద. అక్కడ అయోడిన్ ఊడిపోయిన ఖాళీలు, జత దొరకని సీసం అయాన్లు, ఆక్సైడ్ వైపున ఆక్సిజన్ లేని గుంతలు ఉంటాయి, ఎలక్ట్రాన్ వచ్చి వాటిలో ఇరుక్కుంటుంది, వెనకే హోల్ వచ్చి దాన్ని మింగేస్తుంది. అందుకని ఈటీఎల్‌కి రెండు పనులు, ఎలక్ట్రాన్‌ని లోపలికి రానివ్వడం, హోల్‌ని రానివ్వకపోవడం, ఈ రెండిట్లో రెండోదే పెద్ద పని అని నా గట్టి అభిప్రాయం. పేరులో ట్రాన్స్‌పోర్ట్ ఉందని అందరూ మొబిలిటీ, అంటే ఎలక్ట్రాన్ ఎంత తేలిగ్గా కదులుతుందో ఆ లెక్కలే చూస్తారు, ముప్పై నలభై నానోమీటర్ల పొర దాటడానికి ఎలక్ట్రాన్‌కి అంత గొప్ప మొబిలిటీ అక్కర్లేదు.

లెక్క వేసి చూద్దాం. ఎఫిషియెన్సీ అంటే కరెంట్ డెన్సిటీ (చదరపు సెంటీమీటర్‌కి వచ్చే కరెంటు), ఓపెన్ సర్క్యూట్ ఓల్టేజ్ (వైర్లు కలపనప్పటి ఓల్టేజ్), ఫిల్ ఫ్యాక్టర్ (ఆ రెండిటి గుణకారంలో నిజంగా పవర్‌గా దక్కే వంతు) ఈ మూడూ గుణించి ఎండ పవర్‌తో భాగించడమే, ల్యాబ్ ఎండ చదరపు సెంటీమీటర్‌కి 100 మిల్లీవాట్లు. నీ సెల్‌లో 25 మిల్లీయాంప్స్, 1.15 ఓల్ట్, 0.82 ఫిల్ ఫ్యాక్టర్ వచ్చాయనుకో, 23.6% అయింది. అదే పెరోవ్‌స్కైట్, అదే ఎండ, అదే కరెంటు, హద్దు దగ్గర నష్టం పెరిగి ఓల్టేజ్ 1.05కి జారితే 21.5%. ఓల్టేజ్ అలాగే ఉండి పొరలో రెసిస్టెన్స్ ఎక్కువై ఫిల్ ఫ్యాక్టర్ 0.72కి వస్తే 20.7%. చూశావా, ఎండ పీల్చడంలో వెంట్రుకవాసి తేడా లేకుండానే మూడు శాతం దాకా పోయింది, మీ మేడమ్ చెప్పేది ఇదే.

ఇంకోటి ఎనర్జీ లెవెల్స్. డాబా స్లాబ్‌కి వాన నీళ్ళు పోవడానికి వాటం ఇస్తారు కదా, ఎదురు వాటం పడితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి, మరీ ఎక్కువ ఇస్తే ఎత్తు అనవసరంగా పోతుంది, ఇక్కడా అంతే, ఈటీఎల్ కండక్షన్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లు కదిలే శక్తి మెట్టు) పెరోవ్‌స్కైట్ దాని కన్నా కొంచెం కిందికి ఉండాలి, పైన ఉంటే ఎలక్ట్రాన్లు ఆగిపోయి ఫిల్ ఫ్యాక్టర్ పడిపోతుంది, మరీ కిందికి ఉంటే ఓల్టేజ్ పోతుంది. వేలెన్స్ బ్యాండ్ (హోల్స్ ఉండే మెట్టు) మాత్రం ఎంత లోతుగా ఉంటే అంత మంచిది, హోల్ రాకుండా ఆపేది అదే.

మరి మొదట్లో అందరూ టైటానియం డయాక్సైడే ఎందుకు వాడారు అంటే అది వారసత్వంగా వచ్చింది. 2009లో జపాన్‌లో సుతోము మియసాకా గ్రూప్ మొదటి పెరోవ్‌స్కైట్ సెల్ చేసినప్పుడు అది డై సెన్సిటైజ్డ్ సెల్ (రంగు పదార్థంతో ఎండ పట్టేది) నమూనాలోనే చేశారు, రంగు బదులు పెరోవ్‌స్కైట్ పెట్టారు, 3.8% వచ్చింది, ఆ నమూనాలో టైటానియం డయాక్సైడ్ ముందే ఉంది. దానితో రెండు తలనొప్పులు. ఒకటి, సరిగ్గా కుదరాలంటే 450, 500 డిగ్రీల్లో కాల్చాలి, ప్లాస్టిక్ మీద ఆ ఆశ వదులుకోవాల్సిందే. రెండు, అల్ట్రావయొలెట్ తగిలితే అది ఊరుకోదు, తనంతట తాను శుభ్రమయ్యే గాజులకి పూత వేసేది ఆ గుణం కోసమే, మురికిని కాల్చేసే ఆ గుణమే పక్కనున్న పెరోవ్‌స్కైట్‌నీ తినేస్తుంది. టిన్ ఆక్సైడ్ అయితే 150 నుంచి 180 డిగ్రీల్లో పని అయిపోతుంది, బ్యాండ్ గ్యాప్ (ఆ రెండు బ్యాండ్ల మధ్య ఎడం) 3.6 ఎలక్ట్రాన్ ఓల్ట్‌లకి పైనే, టైటానియంది 3.2, అందుకని అల్ట్రావయొలెట్‌ని తక్కువ పీల్చుకుంటుంది, గొడవ తక్కువ చేస్తుంది.

కానీ టిన్ ఆక్సైడ్ వేశాం కదా అయిపోయింది అనుకోకు. 2021లో దక్షిణ కొరియా ఉల్సాన్‌లో సాంగ్ ఇల్ సియోక్ గ్రూప్ సర్టిఫైడ్ 25.5% తెచ్చింది, వాళ్ళు వాడిందీ టిన్ ఆక్సైడే, కాకపోతే దానికి క్లోరిన్ అతికించి, పెరోవ్‌స్కైట్ ద్రావణంలోనూ క్లోరిన్ పెట్టి, రెండిటికీ మధ్య అటూ ఇటూ పరమాణువులు వరస తప్పకుండా అతుక్కున్న పొరొకటి పుట్టేలా చేశారు. అదే ఏడాది ఎంఐటీ, కొరియా వాళ్ళు కలిసి కెమికల్ బాత్‌లో టిన్ ఆక్సైడ్ పెంచి, బాత్ పీహెచ్‌ని, టైమ్‌ని అదుపులో పెట్టి సర్టిఫైడ్ 25.2% తెచ్చారు. రెండు చోట్లా పదార్థం అదే, మారింది హద్దు. నీ ప్రాజెక్ట్‌కి టైటిల్ పెట్టాలంటే పదార్థం పేరు పక్కన పెట్టి ఆ హద్దు మీదే పెట్టమ్మా.

ఒక్క జాగ్రత్త. చాలా థీసిస్‌లలో "ఈటీఎల్ మీద ఫోటోల్యూమినెసెన్స్ (వెలుతురు పడ్డాక ఫిల్మ్ తిరిగి వెదజల్లే వెలుగు) తగ్గింది, కాబట్టి ఎలక్ట్రాన్లని బాగా లాగేస్తోంది" అని రాసేస్తారు. తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, హద్దు దగ్గర ఎలక్ట్రాన్లు చచ్చిపోతున్నా అది తగ్గుతుంది. నువ్వు ఓల్టేజ్ కూడా పక్కన పెట్టి చూడు, వెలుగు తగ్గి ఓల్టేజ్ కూడా పడిపోయిందంటే జరిగింది లాగడం అని రాసుకునే వీలు లేదు. వైవాలో ఇది అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.

ప్రశ్న: నమస్తే సార్, ఆవడి వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ స్కాలర్‌ని, మాది చిత్తూరు. గాజు, ఎఫ్‌టీఓ (కరెంటు పారే పారదర్శక పూత), టిన్ ఆక్సైడ్, పెరోవ్‌స్కైట్, స్పైరో (హోల్స్ పొర), గోల్డ్ ఇదీ మా సెల్. ఓల్టేజ్‌ని ఎక్కువ నుంచి తక్కువకి తెచ్చే రివర్స్ స్కాన్‌లో 17% వస్తోంది, ఫార్వర్డ్‌లో 13 దాటడం లేదు, పేపర్‌లో ఏది రాయాలి? ఇంకోటి, అక్టోబర్ వానలు మొదలైనప్పటి నుంచి ఒక బ్యాచ్ బాగుంటే ఇంకో బ్యాచ్ పోతోంది. మా సీనియర్ జింక్ ఆక్సైడ్‌కి మారిపో అంటున్నాడు.
ఒక పరిశోధక విద్యార్థి, ఆవడి

జవాబు: తమ్ముడూ, ముందు మీ సీనియర్ మాట పక్కన పెట్టు. జింక్ ఆక్సైడ్ మొబిలిటీ బాగుంటుంది, తక్కువ వేడికే కుదురుతుంది, అంతా నిజమే, కానీ దాని ఉపరితలం క్షార గుణంది, పైన హైడ్రాక్సిల్స్ ఉంటాయి, మిథైల్ అమ్మోనియం దగ్గర నుంచి ప్రోటాన్ లాగేసుకుంటుంది. మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్ ఫిల్మ్‌ని జింక్ ఆక్సైడ్ మీద వేసి 100 డిగ్రీల హాట్ ప్లేట్ మీద పెట్టు, మొదట నల్లగా నిగనిగలాడుతుంది, నువ్వు చూస్తుండగానే అంచుల నుంచి పసుపు పాకడం మొదలవుతుంది, ఆ పసుపు లెడ్ అయోడైడ్, అంటే నీ పెరోవ్‌స్కైట్ విడిపోయింది. మధ్యలో ఏదైనా అడ్డు పొర వేసి వాడేవాళ్ళు ఉన్నారు గానీ ఉన్న సమస్య తీరకముందే ఇంకోటి నెత్తిన పెట్టుకోకు.

రివర్స్, ఫార్వర్డ్ తేడాని హిస్టరిసిస్ అంటారని నీకు తెలుసు. కారణం లోపల అయోడైడ్ అయాన్లు కదలడం, ఓల్టేజ్ మారుతుంటే అవి హద్దు దగ్గరికి వచ్చి పోగవుతాయి లేదా వెనక్కి పోతాయి, హద్దు దగ్గర నష్టం ఎక్కువ ఉంటే ఆ పోగవడం ప్రభావం కరెంటులో బయటపడుతుంది, హద్దు శుభ్రంగా ఉంటే అయాన్లు కదిలినా పెద్దగా కనపడదు. అంటే 17కీ 13కీ మధ్య ఉన్న ఆ నాలుగు శాతం నీ టిన్ ఆక్సైడ్ పైభాగం గురించి చెప్తోంది, దాన్ని దాచెయ్యకు. పేపర్‌లో రెండూ రాయి, స్కాన్ స్పీడ్ రాయి, మాస్క్ ఏరియా (వెలుతురు పడనిచ్చిన వైశాల్యం) రాయి, అన్నిటికన్నా ముఖ్యం మ్యాక్సిమమ్ పవర్ పాయింట్ ఓల్టేజ్ దగ్గర సెల్‌ని పట్టి ఉంచి కొన్ని నిమిషాల పాటు అవుట్‌పుట్ ఎక్కడ నిలబడిందో ఆ నంబర్ ఇవ్వు, నీ ఎఫిషియెన్సీ అదే. ఈక్యూఈ (ఒక్కో రంగు వెలుతురులో ఎంత వంతు కరెంటవుతుందో ఆ కొలత) నుంచి లెక్కగట్టిన కరెంటు స్కాన్‌లో కరెంటుతో కలుస్తోందో లేదో కూడా చూడు, కలవకపోతే సిమ్యులేటర్ లైట్ మీదే అనుమానం. పెద్ద నంబర్ ఒక్కటే చూపించి మిగతావి మింగేసే అలవాటు ఈ రంగంలో మొదట్లో చాలా ఉండేది, దాని వల్ల ఎంతమంది పిల్లలు ఆ రెసిపీలు తిరిగి చెయ్యలేక నెలలు పోగొట్టుకున్నారో చెప్పలేను, నువ్వు ఆ దారిన పోవద్దు.

ఇక వానల సంగతి. టిన్ ఆక్సైడ్ కొలాయిడ్ (సన్న రేణువులు తేలే ద్రవం) నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి దాన్ని బయట గాలిలో వేసుకోవచ్చు, తేమకి అది భయపడదు, భయపడాల్సింది తర్వాత. 150 డిగ్రీల్లో అరగంట కాల్చి తీసిన ప్లేట్‌ని బెంచ్ మీద పెట్టి టీకి వెళ్ళొచ్చావా, ఈశాన్య రుతుపవనాల చెన్నై గాలిలో ఆ ఉపరితలం గబగబా నీళ్ళని, గాలిలోని చెత్తని పట్టేస్తుంది. చల్లారగానే యూవీ ఓజోన్ పదిహేను నిమిషాలు, అది అవ్వగానే తేమ లేని గ్లోవ్ బాక్స్‌లోకి, ఈ రెండిటి మధ్య టైమ్ ప్రతి బ్యాచ్‌కీ ఒకేలా ఉండాలి, బుక్‌లో ఆ టైమ్, ఆ రోజు తేమ శాతం రాసిపెట్టు. ఒక బ్యాచ్ బాగుండి ఇంకోటి పోవడానికి నా అనుమానం మొదట ఇక్కడే.

కొలాయిడ్ సీసా కూడా చూసుకో. పాతబడితే రేణువులు గుంపు కడతాయి, వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే కాస్త పాలలా కనపడుతుంది, అది వాడొద్దు. నీళ్ళతో పలచన చేశాక ఫిల్టర్ వేసి అప్పుడే వాడెయ్యి. వేసిన పొరలో పిన్‌హోల్ ఒక్కటి ఉన్నా పెరోవ్‌స్కైట్ పోయి నేరుగా ఎఫ్‌టీఓని తగులుతుంది, హోల్స్‌కి దొడ్డిదారి దొరికినట్టే. ఎఫ్‌టీఓ పైభాగం గరుకు, ఇంకో పారదర్శక పూత ఐటీఓ అంత నునుపు కాదు, మరీ పలచగా వేస్తే ఆ గరుకు కొనలు పైకి తేలతాయి, మందంగా వేస్తే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ముప్పై నానోమీటర్ల చుట్టుపక్కల కొన్ని మందాలు పెట్టి నీ గాజుకి ఏది సరిపోతుందో నువ్వే తేల్చుకోవాలి, వేరేవాళ్ళ పేపర్‌లో పూతకి ప్లేట్ తిప్పిన ఆర్పీఎం నీ గాజుకి పనికిరాదు. ఇంకొక తేలిక మార్గం, కొలాయిడ్‌లో కొంచెం పొటాషియం క్లోరైడ్ కలపడం, పొటాషియం, క్లోరిన్ రెండూ హద్దు దగ్గర లోపాల్ని మూసేస్తాయి, హిస్టరిసిస్ తగ్గుతుంది, ఖర్చు ఏమీ లేదు. ముందు ఇది చేసి చూడు, ఒకసారికి ఒక్కటే మార్చు.

ప్రశ్న: నేను టీ నగర్‌లో ఉంటాను, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైర్ అయ్యాను. టాండెమ్ సెల్స్ (రెండు సెల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చినవి) గురించి చదువుతుంటే ఎలక్ట్రాన్ల వైపు అందరూ సి60 అనే కార్బన్ పదార్థం వాడుతున్నారు. టిన్ ఆక్సైడ్ అంత మంచిదైతే దాన్నే నేరుగా ఎందుకు వెయ్యరండీ?
ఒక పాఠకులు, టీ నగర్

జవాబు: మాస్టారూ, వరస తిరగబడడమే కారణమండి. పైన పిల్లలు చేసే సెల్‌లో ఈటీఎల్ ముందు పడుతుంది, దాని మీద పెరోవ్‌స్కైట్. ఇప్పటి టాండెమ్‌లో ఎక్కువగా కింద సిలికాన్, దాని మీద హోల్స్ పొర, ఆ మీద పెరోవ్‌స్కైట్, చివర్న ఈటీఎల్. పెరోవ్‌స్కైట్ అప్పటికే తయారైపోయింది కాబట్టి దాని నెత్తిన నీళ్ళ కొలాయిడ్ పొయ్యలేరు, 150 డిగ్రీల్లో అరగంట కాల్చడానికీ జంకుతారు. సి60ని వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి ఇరవై నానోమీటర్ల దాకా వేస్తే నీరూ అక్కర్లేదు, వేడీ అక్కర్లేదు. 1985లో క్రోటో, కర్ల్, స్మాలీ కనిపెట్టిన ఆ కార్బన్ బంతే ఇది, 1996లో వాళ్ళకి నోబెల్ వచ్చింది, మీరు క్లాసులో చెప్పే ఉంటారు. టిన్ ఆక్సైడ్‌ని పూర్తిగా వదల్లేదండి, సి60 మీద పరమాణు పొర మీద పొర పేర్చే అటామిక్ లేయర్ డిపోజిషన్‌తో, తక్కువ వేడిలో, దాన్ని ఒక పలచటి కవచంగా వేస్తారు, ఆ పైన ట్రాన్స్‌పరెంట్ ఎలక్ట్రోడ్‌ని స్పటర్ చేసేటప్పుడు (అయాన్ల దెబ్బతో పూత వేసేటప్పుడు) కింద పొరలు దెబ్బ తినకుండా అది కాపాడుతుంది.

చిక్కేమిటంటే పెరోవ్‌స్కైట్, సి60 నేరుగా తగిలే చోట ఓల్టేజ్ బాగా పోతుంది. అందుకని ఆ రెండిటి మధ్య ఒక నానోమీటర్ లిథియం ఫ్లోరైడ్ లాంటిది పెడతారు, అది ఇన్సులేటర్, అయినా అంత పలచన కాబట్టి ఎలక్ట్రాన్ టన్నెలింగ్‌తో దాటేస్తుంది, హోల్ మాత్రం సి60 దాకా రాదు. 2020లో బెర్లిన్ హెల్మ్‌హోల్ట్జ్ సెంటర్ వాళ్ళ 29.15% టాండెమ్‌లో ఈ లిథియం ఫ్లోరైడ్ ఉంది. ఇప్పుడు ప్రొపేన్ డైఅమ్మోనియం అయోడైడ్ లాంటి ఆర్గానిక్ ఉప్పులతో కూడా ఆ ఉపరితలాన్ని సరిచేస్తున్నారు, 2024లో చైనా కంపెనీ లాంగి టాండెమ్‌లో 34.6% దాకా వెళ్ళింది. ఎండని ఒకే పదార్థం పట్టే ఒక్క జంక్షన్ సెల్‌కి షాక్లీ, క్వైసర్ లెక్క ప్రకారం గరిష్ఠ పరిమితి 33.7%, దాన్ని దాటేశారంటే ఎంత ఆనందంగా ఉంటుందో మీలాంటి వారికి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అయ్యా, తిరువొత్తియూర్‌లో సొంతిల్లు, డాబా మీద 3 కిలోవాట్ సోలార్ పెట్టిద్దామని అనుకుంటున్నాను. మా అబ్బాయి పెరోవ్‌స్కైట్ ప్యానెల్స్ వస్తున్నాయి నాన్నా, రెండు మూడేళ్ళు ఆగు అంటున్నాడు. ఆగమంటారా?
ఒక పాఠకులు, తిరువొత్తియూర్

జవాబు: ఆగకండి. అబ్బాయి చెప్పేది పుకారేం కాదు, ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ 2024లో 24.5% టాండెమ్ ప్యానెల్స్‌ని అమెరికాలో ఒక కస్టమర్‌కి పంపింది కూడా, కానీ మీ ఇంటి మీదకి కావాల్సింది రికార్డు కాదండి, పాతికేళ్ళు నిలబడడం. సిలికాన్ ప్యానెల్‌కి పాతికేళ్ళ పర్ఫార్మెన్స్ వారంటీ ఇస్తున్నారు, పెరోవ్‌స్కైట్ తేమకీ వేడికీ తట్టుకోవడం మీద ఇంకా పని జరుగుతూనే ఉంది. 85 డిగ్రీల వేడి, 85% తేమలో వెయ్యి గంటలు పెట్టే పరీక్ష ఒకటుంది, చెన్నై సముద్రం పక్కన ఇల్లున్న మనిషికి ఆ పరీక్ష ఎందుకో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా అందులో సీసం ఉంటుంది, గాజు పగిలి వాన నీళ్ళు లోపలికి దిగితే బయటికి కారకుండా ప్యాకింగ్ గట్టిగా ఉండాలి, ఇంటి డాబాలకి అమ్మే ముందు తేలాల్సిన విషయం ఇది.

పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, ముందు పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోండి, వెండర్‌ని ఆ లిస్టులోంచే తీసుకోండి. మీది సముద్రపు గాలి తగిలే చోటు కాబట్టి కొటేషన్ తీసుకునేటప్పుడు ప్యానెల్‌కి ఉప్పు గాలి పరీక్ష ఐఈసీ 61701 సర్టిఫికెట్ ఉందా అని అడగండి, కింద స్టాండు మామూలు ఇనుముకి పెయింట్ వేసింది అయితే వద్దనండి, హాట్ డిప్ గాల్వనైజ్డ్ గానీ అల్యూమినియం గానీ పెట్టమనండి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడతామని కొటేషన్‌లోనే రాయించుకోండి.